నమూనా ఏదీ?

జంతుశాస్త్రంలో ఏ పేపర్ నా చేతికొచ్చినా ముందు శీర్షిక చూడను, సారాంశం చదవను. నేరుగా మెటీరియల్స్ అండ్ మెథడ్స్ దగ్గరికి పోతాను. ఈ జీవిని ఎక్కడ పట్టారు? ఏ తేదీన? పట్టింది ఎవరు? అది ఫలానా జాతే అని తేల్చింది ఎవరు, దేన్ని చూసి తేల్చారు? ఆ నమూనా ఇప్పుడు ఏ మ్యూజియంలో, ఏ నంబరు కింద ఉంది? వీటికి జవాబు దొరికితేనే మిగతా పేజీలు తిప్పుతాను. మన విశ్వవిద్యాలయాల నుంచి జర్నళ్లకు పోతున్న రాతప్రతుల్లో ఈ జవాబులు వెతుక్కోవాల్సి వస్తోంది. "స్థానిక చెరువు నుంచి సేకరించాం" అని ఉంటుంది. ఏ ఊరి చెరువు? "ప్రామాణిక గ్రంథాల సాయంతో గుర్తించాం" అని ఉంటుంది. ఏ గ్రంథం, ఏ కీ? నమూనా సంగతి అయితే ఒక్క ముక్క ఉండదు. జీవి లేకుండా జీవశాస్త్రం రాస్తున్నాం. దీన్ని చిన్న లోపమని సర్దుకుపోవడం నావల్ల కాదు.

వేరే శాస్త్రాల్లో చెత్త పేపర్ రాస్తే దాన్నెవరూ పట్టించుకోరు, కొన్నాళ్లకు మరుగున పడుతుంది. జంతుశాస్త్రంలో అలా కాదు. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. దాని ప్రకారం లిన్నేయస్ సిస్టెమా నేచురే పదో ముద్రణ వచ్చిన 1758 నుంచి నియమాలకు లోబడి అచ్చయిన ప్రతి పేరూ లెక్కలోకి వస్తుంది. ఎవరు ముందు పెడితే వాళ్ల పేరుకే ప్రాధాన్యం. ఆ నియమావళి సమీక్ష జరిగిందా అని అడగదు, జర్నల్ మంచిదా చెడ్డదా అని చూడదు. డబ్బు తీసుకుని ఏది పడితే అది వేసే జర్నల్‌లో ఒకడు హడావిడిగా ఒక కొత్త జాతిని ప్రకటించాడనుకోండి. నియమాల గడప దాటితే చాలు, ఆ పేరు శాశ్వతం. ఆ గుంపు మీద పనిచేసే ప్రతి మనిషీ, వందేళ్ల తర్వాత పుట్టేవాడు కూడా, ఆ పేపర్ వెతికి, ఆ నమూనా వెతికి, అది నిజమో కాదో తేల్చాల్సిందే. నమూనా లేకపోతే తేల్చే దారీ ఉండదు. ఒక ప్రమోషన్ కోసం రాసిన నాలుగు పేజీలు ముందు తరాల నెత్తిన అప్పుగా కూర్చుంటాయి.

నియమావళి నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 1999 తర్వాత ప్రకటించే ఏ కొత్త జాతికైనా మూల నమూనా ఏదో, అంటే హోలోటైప్ లేదా సిన్‌టైపులు ఏవో, స్పష్టంగా చెప్పాలి. ఆ నమూనాను ఏ సేకరణలో ఉంచారో, ఉంచబోతున్నారో, అది ఏ ఊళ్లో ఉందో రాయాలి. రాయకపోతే పేరు చెల్లదు. 2012 సవరణతో ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పేపర్లకు మరో షరతు చేరింది: ముందే జంతువుల పేర్ల రిజిస్టరైన జూబ్యాంకులో నమోదు చేయాలి, ఆ ఆధారం పేపర్లోనే కనబడాలి. ఇక మన దేశపు చట్టం. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనిపెట్టినవారు దాన్ని నిర్దేశిత సంస్థకు తెలియజేసి, వోచర్ నమూనాను, అంటే రుజువుగా దాచే నమూనాను, అక్కడ అప్పగించాలి. అంటే ఇది పెద్దమనిషి తరహాకి వదిలేసిన విషయం కాదు, చట్టం. ఎమ్మెస్సీ జువాలజీ చదివిన ఎంతమంది పిల్లలకు ఈ సంగతి క్లాసులో చెప్పారు? గైడ్లనే అడుగుతున్నాను.

దొరికిన చోటు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, గుత్తికి పోదాం. 1899లో ఆర్.ఐ. పోకాక్ ఒక సాలీడును వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. నిగనిగలాడే నీలం రంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క నమూనా. దొరికిన చోటు గుత్తి రైల్వే కలప డిపో. పోకాక్ తప్పేం లేదు, ఉన్నదున్నట్టు రాశాడు. అయితే ఆ సాలీడు చెట్టు తొర్రల్లో బతికేది. గుత్తి చుట్టుపక్కల రాళ్లగుట్టల మీద దానికి తగిన అడవేదీ? అడవిలో నరికిన దుంగలతో పాటు రైలెక్కి అక్కడికి వచ్చిపడి ఉంటుందనే అందరూ అనుకుంటున్నారు. ఆ తర్వాత వందేళ్లు దాటినా అది మళ్లీ శాస్త్రవేత్తల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది, గుత్తికి వంద కిలోమీటర్ల పైన. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ అడవి ముక్కే దానికి తెలిసిన ఇల్లు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. ఒక్క చిరునామా దారి తప్పితే ఇంత ఆలస్యం. ఆ వందేళ్లలో దాని అడవిలో ఎన్ని చెట్లు కూలాయో లెక్క చెప్పగలవాళ్లు లేరు.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకూడదు. పోకాక్ వర్ణించిన నమూనా దాచి ఉంది కాబట్టే, 2001లో దొరికింది ఆ సాలీడే అని చెప్పగలిగారు. చోటు గందరగోళమైనా నమూనా నిలబడింది. నమూనా కూడా లేకపోయి ఉంటే ఆ పేరు ఒట్టి కథగా మిగిలేది. ఇవాళ్టి మన పేపర్లలో చోటూ లేదు, నమూనా కూడా లేదు. వందేళ్ల తర్వాత ఎవరో వచ్చి వెతికితే వాళ్లకు ఏం దొరుకుతుంది?

సర్వే నంబరు లేని భూమిని మీరు కొంటారా? రిజిస్టర్ నంబరు లేని నమూనా కూడా అంతే. "మా ల్యాబులో ఉంది" అంటే కుదరదు. స్కాలర్ పట్టా తీసుకుని వెళ్లిపోతాడు, గైడ్ రిటైరవుతాడు, బీరువా తాళం పోతుంది, సీసాలో స్పిరిట్ ఆవిరవుతుంది. చాలా కాలేజీల జువాలజీ మ్యూజియంలకు వెళ్లి చూడండి. సీసా అడుగున గోధుమరంగు పెంట తప్ప ఏమీ మిగలదు. చీటీ మీద అక్షరాలు ఉండవు, ఎందుకంటే బాల్‌పెన్నుతో రాశారు, ఆల్కహాల్‌లో ఆ సిరా కరిగిపోయింది. చీటీని మంచి కాగితం మీద పెన్సిల్‌తోనో, నీళ్లకూ స్పిరిట్‌కూ చెదరని నల్ల ఇండియన్ ఇంకుతోనో రాసి, సీసా లోపలే వెయ్యాలి. బయట అంటించిన చీటీ ఊడిపోతుంది. ఊరు, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టినవారి పేరు, ఏ రకం చోట పట్టారో రెండు మాటలు. సేకరించిన చోటే, ఆ పూటే రాయాలి. డీఎన్ఏ కావాలంటే చిన్న ముక్క కోసి గాఢమైన ఇథనాల్‌లో విడిగా పెట్టాలి, ఎందుకంటే ఫార్మలిన్‌లో పెట్టిన దేహం నుంచి డీఎన్ఏ తీయడం గగనం. ఇందులో పెద్ద ఖర్చూ లేదు, పెద్ద యంత్రమూ లేదు. ఉన్నదల్లా క్రమశిక్షణ. రాతప్రతి అసలు మొదలయ్యేది ఈ చీటీ దగ్గరే. కంప్యూటర్ ముందు కూర్చున్నాక మొదలవుతుందని నేర్పిన గురువులు పిల్లలకు ద్రోహం చేశారు.

ఇక మన దగ్గర ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక పరిశ్రమ గురించి మాట్లాడాలి. ఒక పురుగుమందు తీసుకుంటారు. ఒక చేపను తీసుకుంటారు, శీలావతో, బొచ్చో, మట్టగిడసో. తొంభై ఆరు గంటలు ఉంచి సగం చేపలు చచ్చే మోతాదు తేలుస్తారు. తర్వాత కాలేయంలో, మొప్పల్లో, కండరాల్లో ప్రొటీన్ ఎంత, గ్లైకోజెన్ ఎంత తగ్గిందో పట్టిక వేస్తారు. పేపర్ అయిపోయింది. వచ్చే ఏడు మందు మారుతుంది, చేప అదే. ఆ పై ఏడు చేప మారుతుంది, మందు పాతదే. ఉపోద్ఘాతం మారదు, చర్చ మారదు, వాక్యాలు కూడా మారవు. నేను విషశాస్త్రాన్ని తప్పుపట్టడం లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పొలాల నీళ్లు కాలవల్లోకీ చెరువుల్లోకీ దిగే చోట ఆ ప్రశ్న ప్రాణప్రశ్న. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పేలా ప్రయోగం చేశారా? ఒక టబ్బులో పది చేపలు వేసి మందు కలుపుతారు, ఇంకో టబ్బులో పది చేపలు వేసి మందు కలపరు. నమూనాల సంఖ్య పది అని రాసి, గణాంకాల పరీక్ష చేసి, ఫలితం పక్కన నక్షత్రం గుర్తు పెడతారు. మందు కలిసింది టబ్బుకి. పది చేపలూ తాగింది ఒకే నీరు. అక్కడ ఉన్నది పది కాదు, ఒకటి. ఆ టబ్బు గాలి గొట్టం సరిగ్గా పనిచేయకపోయినా చేపలు నీరసిస్తాయి, ఆ నేరం మందు మీదికి పోతుంది. ఈ తప్పును స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లోనే విడమరిచి రాశాడు. నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మన థీసిస్‌లలో అదే టబ్బు, అదే పది.

ఆ చేప ఏదో కూడా రూఢి చేయరు. హేచరీ వాడు ఏం చెబితే అది. హేచరీల్లో బొచ్చె, శీలావతి, మోసు కలిసిపోయి సంకరాలు పుడతాయని చెరువుల మీద బతికే రైతుకు తెలుసు, పరిశోధకుడికి తెలియకూడదా? పొలుసుల వరసలు లెక్కపెట్టి, రెక్కల ముళ్లు లెక్కపెట్టి, రెండు మూడు చేపలను వోచర్లుగా భద్రపరిచి ఉంటే ఎవరైనా మళ్లీ చూసి నిర్ధారించుకునేవారు.

ఈ స్థితికి స్కాలర్లను మాత్రమే నిలదీయడం అన్యాయం. 2009లో యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో ఒక పేపర్ వచ్చి తీరాలని పెట్టింది. 2010లో అధ్యాపకుల పదోన్నతులకు పాయింట్ల లెక్క వచ్చింది. ఆ రెండూ కలిసి ఒక బజారును పుట్టించాయి. పేపర్ కావాల్సినవాళ్లు వేలమంది, అచ్చు వేసి డబ్బు పుచ్చుకునేవాళ్లు వందమంది. యూజీసీ ఆమోదించిన జాబితాలోనే చెత్త చేరింది. 2018 మేలో ఆ జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది. తర్వాత దాని స్థానంలో కేర్ అనే కొత్త జర్నళ్ల జాబితా పెట్టారు, 2025 ఫిబ్రవరిలో అదీ ఎత్తేశారు. 2022 నవంబరు నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అనే షరతునూ తొలగించారు. మంచిదే. కానీ పదిహేనేళ్లుగా ఒంటబట్టిన అలవాటు ఒక ఉత్తర్వుతో పోతుందా? గైడ్ గదిలో ఇవాళ్టికీ మొదటి ప్రశ్న "ఎన్ని పేపర్లు?" అనే.

ఈ బజారు మన గడపలోనే ఉందని తెలుగు పాఠకుడికి చెప్పక తప్పదు. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరుగుతుందని నమ్మించి, ఫీజు సంగతి దాచి పరిశోధకులను మోసం చేసిందన్నది అభియోగం. 2019 మార్చిలో అక్కడి కోర్టు ఆ సంస్థ 5.01 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు ఇచ్చింది. ఇంత జరిగినా "మీ అమూల్యమైన పరిశోధనకు స్వాగతం, మూడు రోజుల్లో ప్రచురణ" అనే మెయిళ్లు మన పిల్లల ఇన్‌బాక్సులకు రావడం ఆగలేదు. మూడు రోజుల్లో ఏ సమీక్షకుడు ఒక సాలీడు జననాంగం బొమ్మను పాత వర్ణనలతో పోల్చి చూస్తాడు? ఒక చేప దంతాల లెక్క సరిచూస్తాడు? ఆ మెయిల్‌కు జవాబివ్వడమంటే మీ నాలుగేళ్ల చాకిరీని మీ చేతులతో మీరే పాతిపెట్టుకోవడం.

డబ్బు కడితేగానీ పేపర్ రాదన్నది కూడా అబద్ధం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ 1886 నుంచి వస్తోంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా రికార్డ్స్ 1907లో ఇండియన్ మ్యూజియం రికార్డ్స్‌గా మొదలైంది. బెంగళూరు నుంచి కరెంట్ సైన్స్, కోయంబత్తూరు నుంచి జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా వస్తున్నాయి. ఇవి అడిగేది మీ పర్సు కాదు, మీ నమూనా. అందుకే మనవాళ్లు వీటి దగ్గరికి పోవడానికి భయపడుతున్నారని నా అభియోగం. తిప్పి పంపిస్తారు, ప్రశ్నలు అడుగుతారు, బొమ్మలో స్కేల్ బార్ లేదంటారు, జాతి పేరు పక్కన రచయిత పేరు, ఏడు లేవంటారు. అనాలి. అదే వాళ్ల పని.

కలివికోడి అనే పిట్టనే తీసుకోండి. 1848లో బ్లైత్ వర్ణించాడు కాబట్టి, దాని పేరు రైనాప్టిలస్ బైటార్క్వేటస్ పక్కన బ్లైత్ పేరు, ఏడు బ్రాకెట్లో ఉంటాయి. ఆయన మొదట పెట్టిన ప్రజాతి వేరు, తర్వాత మార్చారు అని ఆ బ్రాకెట్ చెబుతుంది. గుత్తి సాలీడు పక్కన పోకాక్, 1899 బ్రాకెట్ లేకుండా ఉంటాయి, ఎందుకంటే దాని ప్రజాతి మారలేదు. రెండు చిన్న గీతల్లో ఒక జీవి చరిత్ర అంతా ఉంది. ఆ గీతలు పెట్టాలో తీయాలో తెలియని రాతప్రతి చేతికొస్తే, రాసినవాడు మూల వర్ణనను ఎన్నడూ తెరిచి చూడలేదని నాకు తెలిసిపోతుంది. ఇది అందం కోసం కాదు, చదివాడా లేదా అన్నదానికి రుజువు. స్కేల్ బార్ సంగతీ అంతే. ఫొటో కింద "నలభై రెట్లు పెద్దది" అని రాస్తే పేజీ సైజు మారగానే ఆ లెక్క తప్పుతుంది. స్కేల్ బార్ బొమ్మతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. ఇవన్నీ ఛాదస్తమని కొట్టిపారేసేవాళ్లకు కొలత విలువ తెలియదు.

కలివికోడి దగ్గర ఇంకొంచెం ఆగాలి. 1900 తర్వాత అది లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికింది భరత్ భూషణ్. కానీ రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే ఆ ప్రాంతపు వేటగాడు. ఆ పిట్ట రాత్రి తిరుగుతుందని, ఏ పొదల్లో తిరుగుతుందో తెలిసినవాళ్లు అక్కడివాళ్లే. ఐతన్న పేరు చరిత్రలో నిలబడింది. మరి మన పేపర్లలో? నల్లమలలో చెంచులు దారి చూపుతారు, తొర్రలో చెయ్యి పెట్టి సాలీడును బయటికి తీస్తారు, పాము జాడ చెబుతారు. కృతజ్ఞతల్లో వాళ్లకు దక్కేది "స్థానికులు" అనే ఒక్క మాట. అదే పేపర్ మీద అడవి ముఖం చూడని శాఖాధిపతి పేరు మూడోదిగా, ఆయన స్నేహితుడి పేరు నాలుగోదిగా ఉంటుంది. ఇది దొంగతనం. ఎవరైతే జీవిని గుర్తుపట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా దొరుకుతుందో చెప్పారో వాళ్ల పేరు, వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే అచ్చులో పెట్టండి. వాళ్ల తెలివే పేపర్‌కు ఆధారమైతే రచయితల వరసలోనే పెట్టండి. పని చేయనివాళ్ల పేర్లు తీసేయండి. గైడ్‌కు కోపమొస్తే రానివ్వండి.

చోటు స్పష్టంగా రాయాలని ఇంతసేపూ వాదించాను. దానికి ఒక మినహాయింపు ఉంది, అదీ ఆ గుత్తి సాలీడు వల్లే. దాని నీలిరంగు దాని పాలిట శాపమైంది. పెంపుడు సాలీళ్ల బజారులో దానికి విదేశాల్లో గిరాకీ ఉంది. అలాంటి జీవి దొరికిన చెట్టు అక్షాంశ రేఖాంశాలు జర్నల్‌లో అచ్చువేస్తే, ఆ పేపర్ పట్టుకుని వేటగాళ్లే ముందు వస్తారు. అప్పుడు పూర్తి వివరం మ్యూజియం రిజిస్టర్‌లో రాయాలి, అచ్చులో జిల్లా, అటవీ డివిజన్ వరకే చెప్పాలి, ఎందుకలా చేశామో ఒక వాక్యంలో రాయాలి. సంపాదకులు ఒప్పుకుంటారు. దాచడం వేరు, రాయకపోవడం వేరు. రాయనివాడికి దాచడానికి ఏమీ ఉండదు.

కాపీ సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. 2018 యూజీసీ నిబంధనలు పది శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదన్నాయి. మనవాళ్లు దాన్ని పది శాతం వరకు హక్కు అని చదువుకున్నారు. సాఫ్ట్‌వేర్‌కు దొరకకుండా మాటలు అటూ ఇటూ తిప్పి పంపుతున్నారు. వేరొకరి చెరువు నీటి పరీక్ష అంకెలు తన పట్టికలోకి ఎక్కించినవాణ్ణి ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. వాణ్ణి పట్టించేది ఫీల్డ్ నోట్‌బుక్ ఒక్కటే. తేదీ వేసి, బురద మరకలతో ఉన్న ఆ నోట్‌బుక్ చూపించమని ఏ వైవా బోర్డు అడిగింది?

మన దగ్గర దారి లేక కాదు. వాల్తేరులో జంతుశాస్త్రవేత్త పి.ఎన్. గణపతి శిష్యులతో కలిసి సముద్రపు ఒడ్డు ఇసుక రేణువుల మధ్య బతికే, కంటికి ఆనని జీవులను వెలికితీసి రాసిన పేపర్లు 1960లలో ప్రపంచం చదివింది. గుప్పెడు ఇసుక, సూక్ష్మదర్శిని, ఓపిక. ఇప్పుడు అదే నేల మీద అంతకన్నా మంచి పరికరాలున్నాయి. హైదరాబాద్ అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. మీ నమూనాలు అక్కడికి పట్టుకెళ్లి నిర్ధారణ చేయించుకోండి, అప్పగించి రిజిస్టర్ నంబరు అడగండి.

వైస్ చాన్సలర్లకు ఒక్క విన్నపం. ఎన్ని పేపర్లు అన్న గడిని దరఖాస్తు ఫారం నుంచి కొట్టేయండి. దాని స్థానంలో ఎన్ని నమూనాలు ఏ మ్యూజియంలో ఏ నంబర్ల కింద అప్పగించారు అని అడగండి. గైడ్లకు మరొకటి. స్కాలర్ రాతప్రతి పట్టుకుని సంతకం కోసం మీ గదిలోకి వచ్చినప్పుడు పెన్ను తీయకండి. మ్యూజియం ఇచ్చిన రసీదు చూపించమనండి. చూపించలేకపోతే, ఆ పేపర్ మీద మీ పేరు ఉండకూడదు.